సల్మాబాద్ బస్సులో ఒక అమెరికా బ్యాండు చరిత్ర

నాకు తెలిసిన అమెరికా చరిత్ర అంతా కంపెనీ బస్సులో తెలిసిందే. అదీ ఒకే ఒక్క బ్యాండు చరిత్ర. చెప్పినవాడు జగిత్యాల వైపు మనిషి, డక్టు పనివాడు, నా రూమ్మేటు. అతనికి చెప్పింది మా సూపర్‌వైజరు, గలాలీలో పుట్టి పెరిగిన బహ్రెయినీ. ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలీదు. ఇంగ్లీషులో బయల్దేరిన కథ హిందీలోకి దిగి, అక్కణ్ణుంచి తెలంగాణ మాటలోకి ఎక్కి, గోదావరి జిల్లావాడినైన నా చెవిలో పడేసరికి అందులో ఎంత మిగిలిందో, కొత్తగా ఎంత చేరిందో అప్పట్లో నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇప్పుడిది రాయాల్సిన పని ఉండేది కాదు.

మాది బహ్రెయిన్ సల్మాబాద్‌లో ఏసీ డక్టులు, అంటే చల్లగాలి తిరిగే రేకు గొట్టాలు, చేసే వర్క్‌షాపు. నేను స్టోర్‌కీపర్ని. రేకులు, స్క్రూలు, గాస్కెట్లు అడిగినవాళ్ళకి అందించడం, అడగనివాళ్ళు పట్టుకుపోకుండా చూడటం నా డ్యూటీ. ఆ ఏడాది హమద్ టౌన్‌లో ఒక పెద్ద పని దొరికింది. సామాను అక్కడే ఉంచాలి కాబట్టి నన్ను కూడా రోజూ బస్సెక్కించేవాళ్ళు. పక్క సీట్లో మా డక్టు మనిషి. ముప్పై రెండేళ్ళుంటాయి. బహ్రెయిన్ వచ్చి ఆరేళ్ళయినా ఇంటికి ఫోన్ చేసినప్పుడు "దుబాయిల మంచిగనే ఉన్న" అంటాడు.

"ఒరేయ్, ఇది బహ్రెయిన్‌రా, దుబాయి కాదు" అన్నానొకసారి.

"ఏదైతేంది అన్నా, విమానమెక్కినంక అంతా దుబాయే" అన్నాడు.

ఒకరోజు పొద్దున్నే బస్సు మొరాయించింది. సూపర్‌వైజరు మా ఇద్దరినీ తన పికప్‌లో ఎక్కించుకున్నాడు. ముప్పై దాటని కుర్రాడు. సేఫ్టీ జాకెట్టు కింద ఎప్పుడూ నల్ల టీషర్టే. దాని మీద ఒక పుర్రె, పుర్రె నోట్లో ఒక రెంచీ. నేను ముందు సీట్లో కూర్చున్నాను. బండి హైవే ఎక్కగానే ఇంజను లోపల ఏదో తెగినట్టు భయంకరమైన చప్పుడు మొదలైంది. బండి ఆపమని చెబుదామని ఆయన వైపు తిరిగితే, ఆయన హాయిగా తల ఊపుతున్నాడు. అప్పుడర్థమైంది, అది ఇంజను కాదు, పాట.

"ఇది మెటల్, భాయ్" అన్నాడు హిందీలో, గర్వంగా.

వెనక సీట్లోంచి మావాడు ముందుకు వంగి, "ఏ మెటల్ భాయ్? జీఐ రేకా, అల్యూమినియమా?" అని అడిగాడు. వాడు వెటకారంగా అడగలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేకు వంచేవాడికి ఇంకే మెటల్ తెలుస్తుంది?

సూపర్‌వైజరు నవ్వి ఓపిగ్గా పాఠం మొదలుపెట్టాడు. ఆ బ్యాండు అమెరికావాళ్ళది. వాళ్ళు వాయించేది రెండు రకాలు, ఒకటి థ్రాష్, ఒకటి గ్రూవ్. తేడా చెప్పడానికి ఆయన మాటల్ని నమ్ముకోలేదు. హైవే మీద యాక్సిలరేటర్ తొక్కి, "ఇది థ్రాష్" అన్నాడు. హమద్ టౌన్ సందుల్లోకి తిరిగాక స్పీడ్ బ్రేకర్ల మీద బండిని ఒక్కొక్కదానికీ ఎత్తి కుదేస్తూ, "ఇది గ్రూవ్" అన్నాడు. దిగేసరికి నా నడుముకి రెండూ క్షుణ్ణంగా తెలిశాయి.

మావాడికి మాత్రం వేరే దారిలో అర్థమైంది. సైటులో టీ తాగుతూ అన్నాడు: "అన్నా, గిది మా పెండ్లి బ్యాండే. బారాత్ ఉరికితే థ్రాషు. పెండ్లికొడుకు అత్తగారింటి ముంగట ఆగినంక, కదలమన్నా కదలరు సూడు, గప్పుడు కొట్టేది గ్రూవు."

వాడు అలా అనడానికి కారణముంది. దేశం దాటకముందు వాడు ఆరేడేళ్ళు పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో సైడ్ డ్రమ్ము కొట్టాడట. ఆ సంగతి అప్పటిదాకా నాకు చెప్పలేదు. సూపర్‌వైజరుకి మాత్రం వెంటనే చెప్పేశాడు.

ఫలితం, తర్వాతి శనివారం మేం గలాలీలో తేలాం. సూపర్‌వైజరు ఇంటి వెనక ఒక చిన్న గది. గోడలకి పాత పరుపులు కొట్టించుకున్నాడు, చప్పుడు పక్కింటికి పోకుండా. దాంతో లోపల గాలాడక ఊపిరి సలపడం లేదు, డక్టు వేసి పెట్టమని పిలిచాడు. నేను సామాను పట్టుకెళ్ళాను. గది మధ్యలో డ్రమ్ముల సెట్టు ఉంది. రెండు పెద్ద డ్రమ్ములు, రెంటికీ కింద పెడళ్ళు. పని అయ్యాక మావాడు కర్రలు తీసుకుని, "భాయ్, ఒక్కసారి?" అన్నాడు. ఆయన సరేనన్నాడు, పిల్లాడికి తాళంచెవులు ఇచ్చినట్టు నవ్వుతూ.

వాడు పెళ్ళి ఊరేగింపు దరువు ఎత్తుకున్నాడు. మొదట చేతులే. కాసేపటికి కాళ్ళకి కింద పెడళ్ళు తగిలాయి. అక్కడినుంచి ఏం జరిగిందో నేను వర్ణించలేను. సూపర్‌వైజరు నవ్వు మానేసి గోడకి ఆనుకున్నాడు. లోపల్నుంచి వాళ్ళమ్మగారు తలుపు తీసుకుని వచ్చి, కొడుకు ఊరికే నిలబడి ఉండటం, వేరెవరో వాయించడం చూసి, అరబ్బీలో ఏదో అని నవ్వుతూ వెళ్ళిపోయారు. ఏమన్నారని అడిగితే ఆయన ముందు డ్రమ్ము మీద దుమ్ము తుడిచాడు. తర్వాత చెప్పాడు: "ఇన్నేళ్ళకి ఈ గదిలో వాయించేవాడు దొరికాడని అంటోంది."

ఆ రోజునుంచి మావాడు ఆయనకి డక్టు పనివాడు కాదు, శిష్యుడు. ఇద్దరిలో ఎవరు ఎవరికి శిష్యుడన్నది తేలలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పుకోడానికి అంత గొప్పగా ఉండదు.

శుక్రవారాలు మా తెలుగు సహవాసం కూడుకునేది. ఒకే చర్చి ఆవరణలో గంటకొక భాషవాళ్ళు ఆరాధన చేసుకుంటారు. మలయాళంవాళ్ళు ఇవతలికి వస్తుంటే మేం లోపలికి వెళ్తాం. నేను కీబోర్డు వాయిస్తాను. పాటలు పాడేది ఒంగోలు వైపు బ్రదరు, రొట్టెల ఫ్యాక్టరీలో వ్యాను డ్రైవరు. గొంతు కంచులా ఉంటుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందరికంటే బాగా తెలుసు.

జూలైలో ఒక శుక్రవారం ఆయన మామూలుకంటే పై శ్రుతిలో ఎత్తుకున్నాడు. ముందు నాతో అనుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. రెండో చరణానికి ముందు నేను కీబోర్డు మీద బటన్ నొక్కి శ్రుతి రెండు మెట్లు దించేశాను. ఆయన పైనే ఉండిపోయాడు. ఒక క్షణం తర్వాత తేడా తెలిసి కిందకి దిగబోయి, మరీ కిందకి జారిపోయి, ఆ కంచు గొంతు నూతిలో పడిన చెంబులా బుడుంగుమంది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన పాట పూర్తిచేసి, మైకు స్టాండుకి పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు.

తప్పు నాదేనని నాకు ఆ సాయంత్రానికే తెలుసు. తెలియడం వేరు, వెళ్ళి చెప్పడం వేరు. ఒక వారం ఆగుదాం అనుకున్నాను. ఆ వారం నాలుగు నెలలైంది. ఆయన క్వయిరు మానలేదు, నేనూ మానలేదు. ఆయన నాకు వీపు పెట్టి పాడేవాడు, నేను ఆ వీపుకి వాయించేవాణ్ణి. మధ్యలో రాయబారం అంతా ఒక సిస్టర్ నడిపేది. ఆస్పత్రిలో నర్సు. "ఆ కీబోర్డు బ్రదర్‌ని అడగండమ్మా, ఈసారి ఏ శ్రుతో" అనేవాడాయన, నాకు మూడడుగుల దూరంలో నిలబడి. "పాట బ్రదర్ ఇష్టమేనని చెప్పండి సిస్టర్" అనేవాణ్ణి నేను. ఆమె ఒకసారి విసిగిపోయి, "వార్డులో రోగులు నయం" అంది.

ఇలా ఉండగా మా రిథమ్ ప్యాడ్ వాయించే అబ్బాయి వేరే ఉద్యోగం దొరికి సౌదీ వెళ్ళిపోయాడు. క్రిస్మస్ ఆరు వారాల్లో ఉంది. పాస్టరుగారు నన్ను పిలిచి, "ఎవరైనా ఉన్నారా బ్రదర్?" అని అడిగారు. ఉన్నాడని చెప్పాను. ఏ సంఘం అన్నారు. సంఘం లేదండీ, హిందువు, పెళ్ళిళ్ళలో వాయించేవాడు అన్నాను. ఆయన, "కానా ఊళ్ళో పెళ్ళికి యేసు ప్రభువే వెళ్ళారు కదా. రమ్మనండి" అన్నారు.

మావాడు మొదటి ప్రాక్టీసుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. చర్చిలో చెప్పులు ఎక్కడ విడవాలని రెండుసార్లు అడిగాడు. ఆవరణలో వేరేవాళ్ళ డ్రమ్ముల సెట్టు ఒకటుంటే అడిగి తీసుకున్నాం. నెమ్మదైన పాట ఒకటి మొదలుపెట్టాం. మూడో చరణం దాకా వాడు దూదితో తట్టినట్టు వాయించాడు. నేను లోపల్లోపల పొంగిపోతున్నాను. మూడో చరణం తర్వాత కాసేపు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో వాడి కాళ్ళు వాడి మాట వినలేదు. గలాలీ గదిలో నేర్చిన విద్య అంతా ఒక్కసారి బయటికి వచ్చింది. కిటికీ అద్దాలు కదిలాయి. ప్రాక్టీసు వినడానికి వచ్చి ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. మేం ఎప్పుడు ఖాళీ చేస్తామా అని బయట ఎదురుచూస్తున్న తమిళంవాళ్ళు లోపలికి తొంగి చూశారు.

"తప్పయింది" అన్నాడు మావాడు, కర్రలు ఒళ్ళో పెట్టుకుని.

నాలుగు నెలల్లో మొదటిసారి ఒంగోలు బ్రదరు వెనక్కి తిరిగాడు. నా వైపు కాదు, వాడి వైపు. "తప్పేంది అబ్బాయ్? ఇంకోసారి కొట్టు. కానీ కొంచెం తగ్గించి" అన్నాడు.

బ్రదరు ఇల్లు సల్మాబాద్ దారిలోనే. ప్రాక్టీసు అయ్యాక మావాణ్ణి తన వ్యానులో దింపేవాడు. నన్ను ఎక్కమనేవాడు కాదు, నేను అడిగేవాణ్ణీ కాదు. నేను వేరే బస్సు పట్టుకుని వచ్చేసరికి వాడు స్నానం చేసి పప్పు తాలింపు వేస్తుండేవాడు. మొదటిరోజే అడిగాడు: "అన్నా, గాయనకూ నీకూ ఏం పంచాయితి?"

"ఏం లేదు" అన్నాను.

"ఏం లేకపోతే నడుమ గా సిస్టర్ ఎందుకు పరేషాన్ అయితుంది?"

చెప్పాను. శ్రుతి దించిన సంగతి కూడా. వాడు విని, ఊకొట్టి, కూరలో ఉప్పు చూడమన్నాడు.

ఆ మర్నాటినుంచే బస్సులో బ్యాండు చరిత్ర మొదలైంది. అడగకుండానే చెప్పేవాడు. సల్మాబాద్‌లో ఎక్కితే మొదలు, హమద్ టౌన్‌లో దిగితే ఆగుతుంది. ఎంత పట్టుమీదున్నా బస్సు ఆగగానే "ఇగ రేపు" అని దిగిపోయేవాడు. మొదట్లో కిటికీలోంచి చూస్తూ వినేవాణ్ణి. వారం తిరిగేసరికి ముందు సీట్లవాళ్ళు కూడా మెడలు తిప్పడం మొదలుపెట్టారు.

కథ ఇది. అమెరికాలో ఎక్కడో ఎండలు మండే చిన్న ఊరు. ("మన జగిత్యాల అసొంటిదే అన్నా, గానీ ఆడ నూనె బాయిలుంటయి.") నలుగురు స్నేహితులు. ఇద్దరిది టైర్ల షాపులో పని. మొదట్లో వాళ్ళు మెరిసే ప్యాంట్లు వేసుకుని, జుట్టు పిచ్చుకగూళ్ళలా లేపుకుని, ప్రేమ పాటలు పాడేవాళ్ళట. పెద్ద పేరు వచ్చాక ఆ ఫొటోలు ఎవరికీ దొరకకుండా దాచిపెట్టారట.

"మనోడు ఒకడుండె, పెండ్లి ఫొటోల గుండుతోని ఉన్నడని ఆల్బమే దాచిపెట్టిండు. గట్లనే" అన్నాడు మావాడు.

తర్వాత ప్యాంట్లు మార్చారు, జుట్టు వదిలేశారు, వేగం పెంచారు. అది థ్రాష్. ఒక పాత వ్యానులో ఊరూరా తిరిగారు. సామాను ఎక్కించేదీ వాళ్ళే, దించేదీ వాళ్ళే, వాయించేదీ వాళ్ళే. బస్సు మొత్తం ఇక్కడ "అరెరే" అంది. సామాను ఎత్తి దించడం మాకందరికీ తెలిసిన కష్టం. కొన్నేళ్ళకి వేగం మీద జనానికి మోజు తగ్గింది. మిగతా బ్యాండ్లు మూసుకున్నాయి. వీళ్ళు మాత్రం వేగం తగ్గించి బరువు పెంచారు. అది గ్రూవ్. అప్పుడు తెరుచుకున్నాయి తలుపులు. మైదానాలు నిండాయి.

"మరి ఇంకేం" అన్నాను.

"ఇంకేం అంటవేందన్నా. గాడనే గదా లొల్లి మొదలయ్యేది." బస్సు ఆగింది. "ఇగ రేపు."

మర్నాడు చెప్పాడు. బరువు కావాలని గిటారు ఆయన ఒకరోజు స్టేజీ మీద శ్రుతి దించేశాడట. పాడేవాడికి చెప్పలేదట. పాడేవాడి గొంతు ఎక్కడో పైన ఉండిపోయిందట. వేలమంది ముందు నవ్వులపాలయ్యాడట.

ఇప్పుడు ఇది చదివేవాళ్ళకి వెంటనే తట్టేది నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. పైగా నేను గిటారు ఆయన పక్షం వహించాను. "పాడేవాడు వినాలి కదరా, చెవులు లేవా?" అన్నాను. ముందు సీటులో కూర్చునే నిజామాబాద్ పెద్దాయన వెనక్కి తిరిగి, "గట్ల చెప్పకుంట దించుడు తప్పే కదా తమ్మీ" అన్నాడు. నాకు ఎందుకో కోపం వచ్చింది.

తర్వాతి వారమంతా దుఃఖమే. గిటారు ఆయనా, పాట ఆయనా పదేళ్ళు మాట్లాడుకోలేదట. రెండు బస్సుల్లో తిరిగేవాళ్ళట. ఒక బస్సు ముందు వెళ్తే రెండోది గంట ఆగి బయల్దేరేదట. మధ్యలో కబుర్లు మోసి మోసి బేస్ గిటారు వాయించేవాడికి రక్తపోటు వచ్చిందట. చివరికి పాడేవాడు వెళ్ళిపోయాడు. కొత్తవాణ్ణి తెచ్చారు. కొత్తవాడు మంచోడేగానీ జనం పాత పాట అడుగుతారు, పాత గొంతు అడుగుతారు.

"గిటారాయనకు తెలుసన్నా, తప్పు తనదేనని. గానీ పోడు. ఎందుకు పోడు? పదేండ్లు పోనోడు ఇప్పుడు ఏం మొఖం పెట్టుకొని పోతడు? ఒక్కో దినం ఆగినకొద్ది ఇంత ఎత్తు అయితది గోడ" అని మావాడు చేత్తో బస్సు పైకప్పు చూపించాడు.

ఆ రోజు సైటులో ఎవరో అంగుళం స్క్రూలు అడిగితే నేను రెండంగుళాలవి ఇచ్చాను.

ఆఖరి భాగం డిసెంబరు మొదటి వారంలో చెప్పాడు. రోడ్డు పొడవునా బహ్రెయిన్ నేషనల్ డేకి ఎరుపు తెలుపు జెండాలు కట్టేస్తున్నారు. బస్సులో ఎవరూ ఫోన్ చూడటం లేదు. డ్రమ్ములాయన నడుము విరిగి ఆస్పత్రిలో పడ్డాడట. చూడటానికి పాట ఆయన వచ్చాడట. అదే సమయానికి గిటారు ఆయనా వచ్చాడట. మంచానికి చెరో పక్క నిలబడ్డారట.

"గప్పుడు గిటారాయన ఏమన్నడు?" అని అడిగాడు నిజామాబాద్ పెద్దాయన, ఉండబట్టలేక.

"ఏమంటడు? 'ఆ దినం నేను చెప్పకుంట దించిన. తప్పు నాదే' అన్నడు. గంతే. పదేండ్ల గోడ, ఒక్క మాటకు కూలింది. మళ్ళ కలిసి పాడిండ్రు."

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ శుక్రవారం ప్రాక్టీసుకి పావుగంట ముందు వెళ్ళాను. ఒంగోలు బ్రదరు కుర్చీలు సర్దుతున్నాడు. సిస్టర్ ఇంకా రాలేదు, అంటే రాయబారి లేదు. నేను రెండో వైపునుంచి కుర్చీ పట్టుకున్నాను. ఆయన వదల్లేదు, నేనూ వదల్లేదు. కుర్చీ మధ్యలో వేలాడుతోంది.

"బ్రదర్" అన్నాను. "ఆ రోజు నేను చెప్పకుండా దించాను. తప్పు నాదే."

ఆయన కుర్చీ నేల మీద పెట్టాడు. దాని మీదే కూర్చున్నాడు. "ఎప్పుడు?" అన్నాడు.

"ఎప్పుడేంటండీ, జూలైలో."

"తెలుసులే. నాలుగు నెలలకి చెప్తాండావే, ఏ రోజు సంగతో అని అడిగా" అని, నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ చేతిరుమాలు తీసుకున్నాడు. "నేను గూడా నీకు చెప్పకుండా పైకి ఎత్తుకున్నా గదబ్బా. మా ఊరోళ్ళు ఎవురో వచ్చినారు ఆ పొద్దు. కొంచెం చూపిద్దామని."

సిస్టర్ వచ్చేసరికి మేం ఇద్దరం ఒకే శ్రుతిలో పాట చూసుకుంటున్నాం. ఆమె గుమ్మంలో ఆగి, "నా డ్యూటీ ఖలాస్" అంది.

క్రిస్మస్ ఆరాధన బాగా జరిగింది. మావాడు మూడో చరణం తర్వాత తన కాళ్ళని చివరిదాకా పట్టి ఉంచాడు. ఆఖరి పాటలో మాత్రం పాస్టరుగారే చెయ్యి ఊపి వదిలెయ్యమన్నారు. మలయాళంవాళ్ళు కూడా ఉండిపోయి విన్నారు.

వారం తర్వాత హమద్ టౌన్‌లో పని ముగింపుకొచ్చింది. సూపర్‌వైజరు సామాను చూసుకోడానికి స్టోరుకి వచ్చాడు. పుర్రె టీషర్టు చూసి నాకు ఆ మనుషులమీద అభిమానం పొంగింది. "మీ బ్యాండువాళ్ళు ఆస్పత్రిలో కలుసుకున్న సంగతి విన్నాను భాయ్. ఎంత గొప్ప మనుషులు" అన్నాను హిందీలో.

"ఏ ఆస్పత్రి?" అన్నాడాయన.

చెప్పాను. ఆయన చేతిలో కాగితం పక్కన పెట్టి, నన్ను జాలిగా చూశాడు. వాళ్ళు కలవలేదట. ఈనాటికీ మాటల్లేవు. డ్రమ్ములాయన నడుము నిక్షేపంగా ఉంది, చేపలు పట్టుకుంటున్నాడు. గిటారు శ్రుతి దించిన మాట నిజమే, కానీ నలుగురూ కూర్చుని అనుకుని దించారు. గొడవ దానికి కాదు. పాడేవాడు ఎప్పుడూ బస్సుకి ఆలస్యంగా వచ్చేవాడట. ఒకరోజు వదిలేసి వెళ్ళిపోయారట. "అసలు నలుగురిలో ఇప్పుడు గిటారు ఆయన ఒక్కడే మిగిలాడు. మిగతా అంతా కొత్తవాళ్ళు. పేరు మాత్రం అదే. ఖలాస్" అన్నాడు.

సాయంత్రం బస్సులో మావాడు నా మొహం చూడగానే గ్రహించాడు. కిటికీ పక్క సీటు నాకు వదిలి ఇవతలికి జరిగాడు.

"వాళ్ళు కలవలేదంటగా?" అన్నాను.

"కలవాలె గదన్నా."

"కలవాలి అంటే ఏంట్రా? చరిత్ర అంటే జరిగింది చెప్పాలి."

"జరిగింది చెప్తే నువ్వు పోయేటోనివా ఆయన దగ్గరికి?"

నేను కిటికీ అద్దం మూసి, మళ్ళీ తెరిచాను.

"వాళ్ళ బస్సుల నా అసొంటోడు లేకపాయె. ఉంటే వాళ్ళు గూడ కలుస్తుండిరి" అన్నాడు. గొప్ప కోసం కాదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు.

"శ్రుతి దించడం?"

"గది నీ ముచ్చటే. నువ్వు గుర్తువడ్తవనుకున్న. నువ్వు గిటారాయన దిక్కు మాట్లాడవడితివి. అమ్మో, ఈ మనిషితోని కష్టమే అనుకున్న. ఇంకో వారం కథ పెంచిన."

నాకు కోపం తెచ్చుకోవాలనిపించింది. ముందు సీటులో నిజామాబాద్ పెద్దాయన నెమ్మదిగా కునుకు తీస్తున్నాడు. ఆయనకి నిజం చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. వద్దనుకున్నాను. ఒంగోలు బ్రదరుకి కూడా చెప్పలేదు. ఆయనకి ఈ కథ తెలియదు కదా అనుకున్నాను.

నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. ప్రతి ప్రాక్టీసు తర్వాతా మావాణ్ణి వ్యానులో దింపింది ఆయనే.

జనవరి మొదటి శుక్రవారం సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేళ్ళు, లేచి చెప్పుకునే రోజు. ఒంగోలు బ్రదరు లేచి మైకు తీసుకున్నాడు. మాట్లాడేటప్పుడు కూడా ఆ గొంతు కంచే. "అమెరికా దేశంలో" అని మొదలుపెట్టాడు, "ఒక సంగీత బృందం ఉండాదండీ. అన్నదమ్ముల్లాంటోళ్ళు." నేను కీబోర్డు మీద చేతులు తీసేశాను. శ్రుతి, నవ్వులు, రెండు బస్సులు, పదేళ్ళు. ఆస్పత్రి గదికి వచ్చేసరికి సిస్టర్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "ఆ గిటారాయన మోకరించాడండీ" అన్నాడు బ్రదరు. "అదే ఆస్పత్రిలో నలుగురూ ప్రార్థన చేసినారు. ఆ నెలలోనే నలుగురూ బాప్తిస్మం పొందినారు."

"ఆమెన్" అంది హాలు. పాస్టరుగారి భార్య ముందు వరసలోంచి, "వాళ్ళు ఏ సంఘమండీ?" అని ఆసక్తిగా అడిగారు.

నేను మెల్లగా డ్రమ్ముల వైపు ఒరిగాను. మావాడు కర్రలు గుండెలకి హత్తుకుని, నోరు తెరుచుకుని వింటున్నాడు.

"బాప్తిస్మం ఎప్పుడు కలిపావురా?" అన్నాను గుసగుసగా.

"నేను కలుపలే అన్నా, ఒట్టు" అన్నాడు వాడు, కళ్ళు బ్రదరు మీదినుంచి తిప్పకుండా. "గది ఆయనే కలిపిండు. గానీ మంచిగున్నది. జర ఆగు, విననియ్యి."